గృహనిర్మాణంలో ఉష్ణబంధక ఫలకాలు: ఉష్ణ ప్రవర్తన - పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఇంటిలోని వేడిని చెప్పడానికి తెలుగులో ఒక్క మాట చాలదు. నేరుగా మీద పడేది ఎండ. కాలిన గోడ నుంచో కప్పు నుంచో ఒంటికి తగిలేది సెగ. బయటి నుంచి వీచేది వడగాలి. గాలి ఆడక, చెమట ఆరక కలిగేది ఉక్క. మాట్లాడేవారు వీటిని ఒకదానికి బదులు మరొకటి వాడరు. భవన భౌతికశాస్త్రం కూడా సౌరవికిరణం, వేడెక్కిన తలాల నుంచి వచ్చే వికిరణం, గాలి ద్వారా చేరే ఉష్ణం, ఆర్ద్రత అని వీటిని విడివిడిగానే లెక్కిస్తుంది. కాబట్టి ఒక నిర్మాణ పదార్థం ‘వేడిని ఆపుతుంది’ అని ప్రకటన చెప్పినప్పుడు, ఈ నాలుగింటిలో దేనిని ఆపుతుందని అడగవలసి ఉంటుంది.

ఉత్తర అమెరికాలో ఇళ్ల గోడలకు, కప్పులకు వాడుతున్న నిర్మాణ ఉష్ణబంధక ఫలకాల విషయంలో ఈ ప్రశ్నకు చాలా ప్రాధాన్యం ఉంది. అక్కడ ఇల్లు కట్టించుకొనే తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా సంబంధించిన విషయం. ఇక్కడ కూడా అదే జాతికి చెందిన, ఉక్కురేకుల నడుమ నురుగు నింపిన ‘పఫ్ ప్యానెల్’ శీతల గిడ్డంగులను దాటి డాబాలమీది గదుల దాకా వచ్చింది. రెండుచోట్లా కొనేవారి ముందు ఉంచేది ఎక్కువగా ఒకే ఒక సంఖ్య. ఆ సంఖ్య దేనిని కొలుస్తుంది, దేనిని కొలవదు అనే అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఫలకం నిర్మాణం - చరిత్ర:

ఈ ఫలకంలో మూడు పొరలు ఉంటాయి. రెండు వైపులా చెక్కపేళ్లను జిగురుతో ఒత్తి తయారుచేసిన ఓ.ఎస్.బి. పలకలు, నడుమ గట్టి నురుగు. పలక మందం సాధారణంగా 11 మి.మీ. నడుమ ఉండేది ఎక్కువగా ఈ.పి.ఎస్., అంటే తెలుగువారికి థర్మాకోల్ పేరుతో చిరపరిచితమైన పదార్థమే. కొందరు తయారీదారులు పాలీయురథేన్ నురుగును వాడతారు. పొరలు గట్టిగా అతుక్కొని ఉండడం వల్ల ఫలకం ఇనుప గర్డరులాగా బరువు మోస్తుంది. గర్డరు పైఅంచు, కిందిఅంచు చేసే పనిని రెండు పలకలూ చేస్తే, నడిమి రేకు పనిని నురుగు చేస్తుంది. అందుకే దీనిని ‘నిర్మాణ’ ఫలకం అంటారు. గోడ లోపల వేరే చట్రం అక్కరలేదు.

ఈ ఆలోచన వయసు తొమ్మిది దశాబ్దాలు. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల 1935 ప్రాంతంలో ఇటువంటి ఫలకాలతో ప్రయోగాలు మొదలుపెట్టింది. కలపను పొదుపు చేయడం అప్పటి లక్ష్యం. ఉష్ణం ప్రధానాంశం కాదు. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన ‘యూసోనియన్’ ఇళ్లలో పొరల గోడలను వాడాడు కాని, వాటిలో ఉష్ణబంధక పొర లేదు. ఆయన శిష్యుడు ఆల్డెన్ డౌ 1950ల తొలినాళ్లలో మిచిగన్ రాష్ట్రం మిడ్లాండ్‌లో నురుగు నింపిన ఫలకాలతో ఇళ్లు కట్టినప్పుడు నేటి రూపం ఏర్పడింది. డౌ రసాయన సంస్థ స్థాపకుడి కుమారుడు ఈయన. నురుగు ఎక్కడ నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

3. ‘ఉష్ణబంధకం’ - పదవిచారం:

ఇంగ్లీషు పదానికి మూలమైన లాటిన్ మాటకు ‘ద్వీపం’ అని అర్థం. చుట్టూ ఉన్నదాని నుంచి వేరుచేసి ఉంచడం అందులోని భావం. తెలుగులో ‘ఉష్ణబంధకం’, ‘ఉష్ణనిరోధకం’ అనే రెండు పదాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది కట్టివేయడాన్ని, రెండోది అడ్డగించడాన్ని సూచిస్తుంది. రెండూ వేడి పూర్తిగా ఆగిపోతుందన్న భ్రమను కలిగిస్తాయి. పాఠశాల విజ్ఞానశాస్త్రంలోని ‘అధమ ఉష్ణవాహకం’ వినడానికి చిన్నచూపులా ఉన్నా, వాస్తవానికి అదే దగ్గర. ఏ పదార్థమూ వేడిని ఆపదు. తక్కువగా, నెమ్మదిగా పంపుతుంది, అంతే. ఒక చదరపు మీటరు తలం గుండా, ఇరువైపులా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్ల ఉష్ణం దాటుతుందో చెప్పేది ‘యు’ విలువ. దాని విలోమం ‘ఆర్’ విలువ, అంటే ఉష్ణనిరోధం. యు తగ్గేకొద్దీ, ఆర్ పెరిగేకొద్దీ గోడ మెరుగైనదని అర్థం. అమెరికాలో ఆర్ విలువను వేరే కొలమానంలో చెబుతారు. దానిని 5.68తో భాగిస్తే మెట్రిక్ విలువ వస్తుంది.

4. ఫలకం సంఖ్య వేరు, గోడ సంఖ్య వేరు:

మొత్తం నాలుగున్నర అంగుళాల మందం ఉన్న ఫలకంలో నురుగు సుమారు 92 మి.మీ. ఉంటుంది. థర్మాకోల్ ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.036 వాట్లు. ఈ లెక్కన నురుగు నిరోధం 2.56, రెండు పలకలది 0.17, గోడకు ఇరుపక్కలా అంటిపెట్టుకొని ఉండే గాలిపొరలది మరో 0.17. మొత్తం 2.9, అంటే యు విలువ సుమారు 0.35. రెండువైపులా పూత పూసిన తొమ్మిది అంగుళాల ఇటుకగోడ యు విలువ 2కు అటూఇటూ ఉంటుంది. అంటే సగం మందమైనా లేని ఫలకం ఇటుకగోడ పంపే ఉష్ణంలో ఆరోవంతుకన్నా కొంచెం ఎక్కువను మాత్రమే పంపుతుంది. కాగితంమీది ఈ లెక్కలో మోసమేమీ లేదు.

అయితే ఇల్లంతా ఒకే ఫలకం కాదు. అమెరికాలో సాధారణమైన కట్టెచట్రపు గోడను తీసుకుంటే, నిలువు కట్టెలు, కిటికీల చుట్టూ ఉండే దిమ్మెలు, మూలలు కలిపి గోడ విస్తీర్ణంలో దాదాపు నాలుగోవంతు కలపే ఉంటుంది. కట్టెల మధ్య నింపిన గాజునూలు కంటె కలప వేడిని సుమారు మూడు రెట్లు సులభంగా పంపుతుంది. వీటిని ఉష్ణసేతువులు అంటారు. గాజునూలు సంచిమీద అచ్చువేసిన సంఖ్యకు ఈ సేతువుల సంగతి తెలియదు. టెనెసీలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 1990లలో ‘మొత్తం గోడ ఆర్ విలువ’ అనే కొలతను ముందుకు తెచ్చింది ఇందుకే. ఆరంగుళాల కట్టెచట్రంలో అమెరికా కొలతలో 19 అని రాసిన గాజునూలు నింపితే, మూలలూ కిటికీ అంచులూ కలిపి చూసినప్పుడు ఆ గోడ విలువ 14 లోపే తేలింది. నాలుగున్నర అంగుళాల ఫలకంగోడ విలువ సుమారు 14. అంటే అంగుళానికి పైగా పలుచనైన గోడ మందపాటి గోడతో సమంగా నిలిచింది. ఫలకానికి నిజమైన బలం ఇదే. దాని నురుగు అద్భుతమైనది కాదు. ఆ నురుగును అడుగడుగునా కోసే కట్టెలు తక్కువ, అంతే.

ఈ ఆధిక్యం కూడా కట్టే తీరుపై ఆధారపడుతుంది. రెండు ఫలకాలు కలిసే చోట లోపల బిగించే పట్టీ నిండు కలపదైతే కొత్త ఉష్ణసేతువు ఏర్పడుతుంది. నురుగు నింపిన సన్నని పట్టీ అయితే ఏర్పడదు. రెండిటి మధ్య ఖర్చు తేడాకన్నా ఫలితంలో తేడా ఎక్కువ.

మరో రెండు వివరాలు కూడా గమనించాలి. ప్రకటించే విలువను సాధారణంగా 24 డిగ్రీల సెల్సియస్ సగటు ఉష్ణోగ్రత వద్ద కొలుస్తారు. నురుగు చల్లబడితే నిరోధం కొంత పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. మిన్నెసోటా చలిలో మేలుచేసే ఈ గుణమే మే నెల ఎండకింద ఉన్న కప్పులో కొంత కీడు చేస్తుంది. రెండోది, పాలీయురథేన్ అధిక నిరోధానికి కారణం దాని గదుల్లో చిక్కుకున్న ప్రత్యేక వాయువు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వాయువు కొంత బయటికి పోయి గాలి చేరుతుంది, నిరోధం తగ్గుతుంది. థర్మాకోల్ గదుల్లో ఉండేది మొదటినుంచీ మామూలు గాలే కాబట్టి దానికి ఈ వార్ధక్యం లేదు.

5. సందులు, గాలి, తేమ:

నిరోధం ఎంత ఉన్నా గాలి దూరే సందు ఉంటే ప్రయోజనం తగ్గుతుంది. తలుపుకు బిగించిన పంకాతో ఇంటిలోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల పీడనభేదం కల్పించి, ఎంత గాలి కారుతోందో కొలిచే పరీక్ష అమెరికాలో వాడుకలో ఉంది. ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ఒకే కొలతల రెండు గదులను ఇలా పోల్చినప్పుడు, ఫలకాల గదిలో గాలి చొరబాటు కట్టెచట్రపు గదిలోని దానికి పదోవంతు కూడా లేదు. పెద్ద ఫలకాలు, తక్కువ అతుకులు కావడం దీనికి కారణం. అయితే ఇది ప్రయోగశాలలో జాగ్రత్తగా కట్టిన గది. అతుకులు తక్కువైనంత మాత్రాన అతుకులు లేవని కాదు. పైగా మొత్తం భారం ఆ కొద్ది అతుకుల మీదే పడుతుంది.

ఆ భారం మోయలేకపోతే ఏమవుతుందో అలాస్కా రాష్ట్రం జూనో నగరంలో తెలిసింది. 2000ల ఆరంభంలో అక్కడ ఫలకాలతో వేసిన అనేక కప్పులలో బయటివైపు ఓ.ఎస్.బి. పలక అతుకుల వెంబడే కుళ్లినట్టు బయటపడింది. ఫలకాల నడిమిభాగం చెక్కుచెదరలేదు. నురుగులో లోపం లేదు, నిరోధం ప్రకటించినంతే ఉంది. జరిగింది వేరు. వంట, స్నానం, మనుషుల శ్వాస వల్ల తేమ నిండిన లోపలి వెచ్చని గాలి, సరిగా మూయని అతుకుల గుండా పైకి చేరి, చల్లని బయటి పలక కింద నీరై నిలిచింది. జూనో వానలు ఎక్కువగా కురిసే తీరనగరం. తడిసిన పలక ఆరడానికి అక్కడ వ్యవధి దొరకదు. రాయలసీమ ఇళ్లలో గోడకు నెమ్ము పట్టడమంటే నేలనుంచి పాకే నీరు గుర్తుకొస్తుంది. ఈ నెమ్ము గాలిలో ప్రయాణించి వచ్చింది. వేలెడంత సందులోనుంచి గాలి మోసుకుపోయే నీరు, పలక గుండా ఆవిరిగా వ్యాపించే నీటికన్నా ఎన్నోరెట్లు ఎక్కువ.

ఆ తర్వాత అతుకుల విషయంలో పద్ధతులు కట్టుదిట్టమయ్యాయి. లోపలివైపు అతుకుమీద ప్రత్యేకమైన అంటుపట్టీ వేయడం, అతుకులో జిగురునురుగు నింపడం, కప్పు మీద పెంకులకూ ఫలకానికీ మధ్య గాలి ఆడే ఖాళీ వదలడం వంటివి వాటిలో ముఖ్యమైనవి. వీటిలో మొదటి సూచనను, అంటే ‘లోపలివైపు’ అన్న మాటను గుర్తుంచుకోవాలి. అది చలిదేశపు సూచన.

6. బరువు - కాలం:

నిరోధం ఒక్కటే గోడ గుణం కాదు. గోడకు బరువు కూడా ఉంటుంది. ఒక చదరపు మీటరు ఫలకంగోడ బరువు 16 కిలోలకు అటూఇటూ. అదే విస్తీర్ణంలో తొమ్మిది అంగుళాల ఇటుకగోడ 400 కిలోలు దాటుతుంది. బరువైన గోడ పగటివేడిని తనలో దాచుకొని గంటల తరువాత లోపలికి వదులుతుంది. తేలికైన ఫలకం ఏమీ దాచుకోదు. దాటనిచ్చే కొద్దిపాటి వేడినీ అప్పటికప్పుడే దాటనిస్తుంది.

రాయలసీమ మట్టిమిద్దె ఈ రెండో గుణం మీద నిలిచిన కట్టడం. దూలాలు, దంతెలు, వాటిపై కంప, ఆపైన మందంగా మట్టి, అన్నిటికీ మీద నీరు ఇంకని చౌడు. మట్టి గొప్ప ఉష్ణబంధకమేమీ కాదు. దాని బలం ఆలస్యంలో ఉంది. మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి రాత్రి అవుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ పడుకొనేది మిద్దె పైన, ఆరుబయట. పగలు ఇంట్లో, రాత్రి మిద్దె మీద అనే జీవనవిధానం, గోడల ఆలస్యం ఒకదానికొకటి అమరాయి. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో వేసవి పగటికీ రాత్రికీ మధ్య పది పన్నెండు డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి మిద్దె రాత్రికి తన వేడిని ఆకాశానికి వదిలి తెల్లవారేసరికి చల్లబడేది. విశాఖపట్నం వంటి తీరంలో ఆ తేడా బాగా తక్కువ. అక్కడ బరువైన కప్పు రాత్రి కూడా చల్లబడదు. తీరప్రాంతంలో తాటాకు ఇల్లు నిలిచింది దొరికే ఆకు వల్ల మాత్రమే కాదు. తేలికగా ఉండి, సందుల్లోంచి గాలి ఆడనిచ్చి, ఉక్కను తగ్గించడం వల్ల కూడా.

ఈ కోణంలో చూస్తే ఉష్ణబంధక ఫలకం తాటాకు కన్నా ఎక్కువ ఆపుతుంది, మట్టికన్నా తక్కువ దాస్తుంది, రెండిటికీ భిన్నంగా గాలిని బిగించేస్తుంది. నిరంతరం వెచ్చబెట్టే లేదా చల్లబెట్టే యంత్రం ఉన్న ఇంటికి అది అనువైన గోడ. యంత్రం లేని ఇంట్లో నలుగురు మనుషులు, ఒక పొయ్యి పుట్టించే వేడికి పోయే దారి ఉండదు. సెగ తగ్గుతుంది, ఉక్క పెరుగుతుంది.

7. తెలుగునేలపై కప్పు సమస్య:

నేటి తెలుగు ఇంటికి ప్రధానమైన ఉష్ణసమస్య గోడ కాదు, ఆర్.సి.సి. కప్పు. సుమారు 150 మి.మీ. కాంక్రీటుకు నిరోధం 0.1 కూడా ఉండదు. గాలిపొరలు కలుపుకున్నా యు విలువ 3.3 చుట్టూ తేలుతుంది. ఒక సరళమైన లెక్క చూడవచ్చు. ఎండకు కప్పు పైతలం 60 డిగ్రీలకు చేరి, లోపలిగాలి 35 డిగ్రీల వద్ద ఉంటే, పది అడుగుల చదరపు గదిలోకి కప్పు గుండా దాదాపు 870 వాట్ల ఉష్ణం దిగుతుంది. శీతాకాలంలో చలికాచుకొనే ఒక హీటరును మే నెలలో నెత్తిమీద వెలిగించడంతో సమానం. కప్పు అడుగుభాగం 50 డిగ్రీలు దాటుతుంది. అదే కప్పుపై 50 మి.మీ. థర్మాకోల్ పొర ఉంటే దిగే ఉష్ణం 140 వాట్లకు, అడుగుతలం 38 డిగ్రీల లోపుకు తగ్గుతాయి. ఉష్ణోగ్రతలు స్థిరంగా ఉన్నాయనుకొని వేసిన లెక్క ఇది. నిజమైన కప్పు వేడిని దాచుకుంటుంది కాబట్టి ఆ శిఖరం కొంత తగ్గి, సాయంత్రం దాటాక వస్తుంది. పైఅంతస్తులో ఉండేవారికి రాత్రి పదింటికి తగిలే సెగకు కారణం ఇదే. మిద్దెలాగే ఇదీ ఆలస్యం చేస్తుంది. కాని పడుకొనేవారు ఇప్పుడు కప్పు కింద ఉన్నారు.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ తరువాత కప్పు విధానపరమైన అంశమైంది. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ నివాస భవనాల కప్పు యు విలువ 1.2 మించరాదని నిర్దేశించింది. పై లెక్క ప్రకారం కాంక్రీటుమీద 25 మి.మీ. థర్మాకోల్‌తోనే ఆ హద్దు లోపలికి రావచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన శీతల కప్పుల విధానం ఎండను వెనక్కి పంపే తెల్లని పూతలను, పలకలను ప్రోత్సహిస్తుంది. పూత ఎండను ఆపుతుంది, నురుగు సెగను ఆపుతుంది. రెండూ ఒకే పని చేస్తాయని కలిపి చెప్పడం సరికాదు.

అమెరికా తరహా ఓ.ఎస్.బి. ఫలకాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకొనే అవసరం ఉన్నట్టు కనబడదు. చెదలు చెక్కను తింటాయి, థర్మాకోల్‌లో గూళ్లు తొలుస్తాయి. మంట విషయంలోనూ జాగ్రత్త తప్పనిసరి. అమెరికా నియమావళి నురుగుకూ గదికీ మధ్య పదిహేను నిమిషాలు నిలిచే పొరను, సాధారణంగా అరంగుళం జిప్సమ్ పలకను తప్పనిసరి చేసింది. ఇక్కడ డాబాలమీద వేసే పఫ్ ప్యానెల్ గదుల్లో లోపలివైపు కనిపించేది ఎక్కువగా వట్టి రేకే. భారతదేశంలో ప్రయత్నం మరో దారిలో సాగింది. కేంద్రప్రభుత్వం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో ప్రారంభించిన లైట్ హౌస్ ప్రాజెక్టులలో ఇండోర్ వంతుకు ముందుగా తయారుచేసిన శాండ్‌విచ్ ఫలకాల పద్ధతి వచ్చింది. అక్కడ 1,024 ఇళ్లు నిర్మించారు. బరువు మోసేది ఉక్కుచట్రం. ఫలకం నడుమ ఉండేది థర్మాకోల్ పూసలు కలిపిన సిమెంటు, ఇరువైపులా సిమెంటు పలకలు. చెదలకు, నిప్పుకు ఇది నయం. కాని సిమెంటు కలిసినందువల్ల నిరోధం నిఖార్సైన నురుగు కన్నా బాగా తక్కువ.

8. తీరప్రాంతంలో తేమ దిశ:

జూనోలో తేమ లోపలి నుంచి బయటికి ప్రయాణించింది. ఏ.సి. నడిచే కాకినాడ ఇంట్లో అది తిరగబడుతుంది. బయట 33 డిగ్రీలు, 70 శాతం ఆర్ద్రత ఉన్న గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు విడుస్తుంది. గదిని 24 డిగ్రీల వద్ద ఉంచితే లోపలి పలక ఆ గాలికి మంచుగ్లాసు వంటిదే. బయటి అతుకు గుండా దూరిన గాలి లోపలి పలక వెనుక నీరవుతుంది, అది కంటికి కనిపించదు. అందువల్ల అమెరికా ఉత్తరాది పుస్తకాలు లోపలివైపు వేయమన్న తేమపట్టీ ఇక్కడ ప్రధానంగా బయటివైపు ఉండాలి. లోపలి గోడకు ఆవిరిని ఆపే ప్లాస్టిక్ పూత పూయకూడదు. ఉక్కురేకుల ప్యానెళ్లలో రేకు గుండా ఆవిరి దాటదు కాబట్టి మంచిచెడ్డలు పూర్తిగా అతుకుమీదే ఆధారపడతాయి. బయటి అతుకును మూయకుండా లోపలి అతుకుకు మాత్రం అందంగా సిలికాన్ పూసే అలవాటు ఇక్కడి వాతావరణంలో అతుకును తడిపి ఉంచే పద్ధతి.

‘ఎకో నివాస్ సంహిత’లో గోడలకు నిర్ణయించిన కొలత కప్పు మినహా భవనకవచం గుండా చేరే ఉష్ణాన్ని చదరపు మీటరుకు 15 వాట్లకు పరిమితం చేస్తుంది. చలిప్రాంతాలకు మాత్రం వేరే హద్దు ఉంది. ఆ సూత్రంలో మూడు పదాలు ఉన్నాయి. గోడ గుండా వహించే ఉష్ణం, కిటికీ అద్దం గుండా వహించే ఉష్ణం, అద్దం గుండా వచ్చే ఎండ. అతుకుల గుండా కారే గాలి ఆ మూడింటిలో లేదు. కాబట్టి ఒకే ఫలకంతో, ఒకే యు విలువతో కట్టిన రెండు ఇళ్లు, ఒకదాని అతుకులు మూసి, రెండోదానివి వదిలేసినా, ఆ లెక్కలో సమానమైన మార్కులే పొందుతాయి.